పిలిచింది నేనే

కొన్నేళ్ల కిందట ఒక వారపత్రికవాళ్లు అడిగితే నా ఫుట్‌బాల్ జీవితం గురించి నాలుగు పేజీలు రాసిచ్చాను. కల్వకుర్తి పక్క ఊళ్లో గొర్లు కాసే ఇంట్లో పుట్టిన మల్లేశ్ అనేవాడు పట్నంలో సర్కారు స్పోర్ట్స్ స్కూల్లో చేరడం, డిఫెండర్‌గా కలకత్తాలో, గోవాలో ఆడడం, ఆ తర్వాత మాల్దీవులు, థాయ్‌లాండ్, నేపాల్, భూటాన్ క్లబ్బులకు పోవడం, అన్నీ రాశాను. చదివినవాళ్లు బాగుందన్నారు. అందులో మాల్దీవుల్లో మేం ఓడిపోయిన ఒక మ్యాచ్‌ను మాత్రం రెండు వాక్యాల్లో దాటేశాను. "చివరి నిమిషాల్లో మా డిఫెన్స్‌లో సమన్వయం లోపించింది. ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం." ఆ వాక్యాల్లో అబద్ధమేమీ లేదు. నిజం కూడా లేదు. సమన్వయం లోపించింది నా వల్ల. ఆ తప్పును నా పక్కన ఆడిన సైదులు మీద పడనిచ్చింది కూడా నేనే. కోచ్ నా మొహంలోకి చూసి అడిగినప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. సైదులు ఆట ఆ రోజుతో ఆగిపోయింది. నా ఆట ఇంకో ఆరేళ్లు నడిచింది. ఆ రెండు వాక్యాలను కొట్టేసి, వాటి స్థానంలో ఇది రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మేమిద్దరం మాల్దీవుల రాజధాని మాలే చేరాం. నాకు ముప్పై దగ్గర పడుతున్నాయి, సైదులు నాకంటే ఐదేళ్లు చిన్నవాడు. అతనిది హుజూర్‌నగర్ దగ్గరి ఊరు. నల్లగొండలో హాస్టల్లో ఉండి చదువుకుంటూ ఆట నేర్చుకున్నాడు. గోవాలో ఒక టోర్నమెంటులో ఎదురెదురుగా ఆడినప్పుడు, నేను తట్టుకుని కిందపడితే చెయ్యందించి "లే అన్నా, మనోడివేనా?" అన్నాడు. నోటి మాట బట్టి పోల్చుకున్నాడు. పడేటప్పుడు నేను ఏమని తిట్టానో ఇక్కడ రాయలేను. మాల్దీవుల క్లబ్బువాళ్లు నన్ను అడిగినప్పుడు, నా పక్కన ఆడేందుకు ఇతన్ని కూడా తీసుకొమ్మని నేనే చెప్పాను. అందుకని అతని బాగోగులు నావే అన్నట్టు వాళ్ల అమ్మ ఫోనులో నాకు అప్పగింతలు పెట్టింది. "నాయినా మల్లేశూ, వానికి ఆకలైతే చెప్పుడు రాదు. నువ్వే పిల్సి పెట్టాలె."

మాలే అంతా కలిపితే మా మండలంలో ఒక పెద్ద ఊరంత ఉండదు. చుట్టూ సముద్రం, మధ్యలో అరచెయ్యంత నేల, దానిమీద ఇళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడి ఉంటాయి. సందుల్లో రెండు స్కూటర్లు ఎదురొస్తే ఒకటి ఆగాల్సిందే. మాకు ఒక ముసలామె ఇంట్లో మూడో అంతస్తు గది ఇచ్చారు. పొద్దున కిటికీ తెరిస్తే పడవల డీజిల్ వాసన, కింద వంటింట్లో ఉడుకుతున్న చేప వాసన, కోరిన కొబ్బరి వాసన కలిసి వచ్చేవి. ముసలామె గుమ్మంలో తాళ్లతో అల్లిన కుర్చీలో కూచుని, పోకచెక్కను అడకత్తెరతో సన్నగా కత్తిరించి, తమలపాకులో ఒక లవంగం పెట్టి నములుతూ ఉండేది. మా అవ్వ కూడా అలాగే వసారాలో కూచుని, నడుముకు కట్టుకున్న చిక్కం సంచి విప్పి, ఆకూ పోకా వేసుకునేది. ఎవరొచ్చినా ముందు నోటిలోది ఒక బుగ్గకు తోసి, ఆ తర్వాతే మాట్లాడేది. ఈ ముసలామె కూడా అంతే. మేం ప్రాక్టీసుకు పోతుంటే ఆమె తన భాషలో ఏదో అడిగేది, సైదులు మన భాషలో "ఆఁ, జల్దిన్నే వస్తం అవ్వా" అనేవాడు. రెండేళ్లు వాళ్లిద్దరూ అలాగే మాట్లాడుకున్నారు. ఇద్దరికీ ఇబ్బంది కలిగినట్టు నాకెప్పుడూ అనిపించలేదు.

పొద్దున్నే అక్కడివాళ్లు రొట్టెలోకి చేప, కొబ్బరి, ఉల్లిగడ్డ కలిపి తింటారు. సైదులుకు అది దిగేది కాదు. "పొద్దుపొద్దుగాల చాపలేందే అన్నా, కడుపా చెరువా?" అనేవాడు. సెలవులకు పోయి వచ్చినప్పుడల్లా అతని సంచిలో చింతపండు, ఎండు కారం, నువ్వుల పొడి ఉండేవి. నా సంచిలో జొన్నపిండి ఉండేది. వారంలో ఒక రోజు నేను రొట్టెలు చేసేవాణ్ణి, ఒక రోజు అతను అన్నం వండి పచ్చిపులుసు చేసేవాడు. తినేటప్పుడు పోట్లాట తప్పేది కాదు.

"మీ దిక్కు కాల్వ నీళ్లు, వరి అన్నం. ఉడికిందో లేదో తెల్వకముందే గొంతుల జారిపోతది. పండ్లెందుకురా మీకు?"

"మీ దిక్కు రాళ్లు గదా అన్నా. రాళ్లు నమిలి నమిలి అలవాటైంది. గందుకే జొన్నరొట్టె మెత్తగున్నట్టు కొడ్తది నీకు."

అంత చిన్న దీవిలో, అంత ఉప్పుగాలిలో, మా ఇద్దరికీ తెలిసిన భాష ఇంకెవరికీ తెలియదు. అది మాకు ఆటలో పనికొచ్చింది. తర్వాత అదే మా కొంప ముంచింది. కాబట్టి అదేమిటో కొంచెం వివరంగా చెప్పాలి.

మా నాయిన బీరయ్యకు చదువు లేదు. మందను నడపడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకోవాలి. చిన్నప్పుడు ఆయన ముందు నడిచేవాడు, నేను మంద వెనక నడిచేవాణ్ణి. వానొస్తే తడిసిన గొంగడి వాసన, గొర్ల ఉన్ని వాసన, ఆయన చుట్ట పొగ కలిసి వెనక్కి వచ్చేవి. ఆ వాసనను పట్టుకుని కళ్లు మూసుకుని నడవగలిగేవాణ్ణి. ఆయన నాకు ఒకటే కట్టడి పెట్టాడు. ముందు నడిచేవాడికి మంద కనబడదు, వెనకున్నవాడికి అంతా కనబడుతుంది. అందుకని వెనకున్నవాడు పిలిస్తే ముందున్నవాడు తిరిగి చూడకుండా కదలాలి. ఎందుకు పిలిచాడో తిరిగి చూసే లోపల నాలుగు గొర్లు పక్క చేనులో పడతాయి. ఆయన నా వంటి పిల్లవాడి పిలుపును కూడా అలాగే విన్నాడు. నేను "మర్లు" అని అరిస్తే, నలభై ఏళ్ల మనిషి మెడ తిప్పకుండా మళ్లేవాడు. అంత పెద్ద మనిషి నా మాట మీద అట్లా కదులుతుంటే నాకు భయమేసేది. తప్పుగా పిలవకూడదని ఒళ్లు దగ్గర పెట్టుకునేవాణ్ణి.

ఫుట్‌బాల్‌లో గోల్ ముందు నిలబడే మా నలుగురిలో మధ్య ఇద్దరం నేనూ, సైదులూ. ప్రత్యర్థుల దాడి ఆటగాడికి అతుక్కుని కాస్త ముందు ఉండడం సైదులు పని. కాస్త వెనక ఉండి అంతా చూస్తూ, ఎప్పుడు కదలాలో చెప్పడం నా పని. మేం నలుగురం ఒక్కసారిగా నాలుగడుగులు ముందుకు పోతే, ఆ ఆటగాడు మా వెనక ఒంటరిగా మిగిలిపోతాడు. అప్పుడు అతనికి బంతి అందినా రెఫరీ ఆఫ్‌సైడ్ ఇచ్చేస్తాడు. కానీ ఒక్కడు వెనక ఉండిపోయినా ఆ ఎత్తు పారదు, ముందుకు పోయినవాళ్ల వెనక వాకిలి తెరిచి పెట్టినట్టే. మొదట్లో నేను ఇంగ్లీషులో అరిస్తే అవతలివాళ్లకు కూడా అర్థమయ్యేది. ఒక రోజు ప్రాక్టీసులో కోపమొచ్చి మందను పిలిచినట్టు పిలిచాను. సైదులు కదిలాడు. ఇదేదో బాగుందే అనుకున్నాం. "ఎక్కు" అంటే ముందుకు, "మర్లు" అంటే వెనక్కి, "ఒత్తు" అంటే దగ్గరికి. అటూ ఇటూ ఉండే ఇద్దరు మాలేవాళ్లు నా ఒంటిని చూసి కదిలేవాళ్లు, సైదులు నా గొంతు విని కదిలేవాడు. మా నాయిన కట్టడి కూడా అతనికి చెప్పాను.

"తిరిగి సూడొద్దు. పిలుస్తే పోవాలె, అంతే."

"నేనేమన్న గొర్రెనానే అన్నా?"

"గొర్రె అయితే మాట ఇంటది. నువ్వు మేకవు."

మేక అన్నందుకు రెండు రోజులు నన్ను చూసినప్పుడల్లా "మే... మే..." అని అరిచాడు. కానీ నేర్చుకున్నాడు. ఆ ఏడు మా మీద గోల్స్ చాలా తక్కువ పడ్డాయి. మా కోచ్ సెర్బియా నుంచి వచ్చిన పెద్దాయన. తడి తువాలు నెత్తిన వేసుకుని, ఆట సాగినంతసేపూ గీత పక్కన అటూ ఇటూ నడుస్తూ ఉండేవాడు. "మీరు అరిచేది నాకు అర్థం కాదు. గోల్ పడనంత వరకు అర్థం కానక్కర్లేదు" అని నవ్వేవాడు.

రెండో ఏడు చివర్లో నా కుడి మోకాలు నొప్పి మొదలైంది. ముప్పై దాటిన డిఫెండర్‌కు మోకాలు నొప్పి అని తెలిస్తే మరుసటి ఏడాది ఒప్పందం ఉండదు. అందుకని ఎవరికీ చెప్పలేదు. సైదులుకు మాత్రం దాచలేను కదా, ఒకే గది. ప్రాక్టీసు నుంచి రాగానే అతను కిందికి పోయి ముసలామె ఫ్రిజ్‌లోంచి ఐసు తెచ్చి, తువాలులో చుట్టి నా మోకాలి మీద పెట్టేవాడు. ఐసు ఎందుకని ఆమె సైగలతో అడిగితే, షర్బత్ కోసమని తాగినట్టు చూపించాడట. అప్పటినుంచి ఆమె రోజూ ఐసుతో పాటు ఒక నిమ్మకాయ కూడా ఇచ్చి పంపేది.

మొదట్లో చెప్పిన ఆ మ్యాచ్ గెలిచినా, సమానంగా ముగిసినా చాలు, మా క్లబ్బు మరుసటి ఏడు బయటి దేశాల పోటీలకు పోతుంది. మా ఇద్దరి ఒప్పందాలు కూడా దానిమీదే ఆధారపడి ఉన్నాయి. చివరి నిమిషాల వరకు గోల్ పడలేదు. అవతలివాళ్ల మధ్య ఆటగాడి కాళ్ల కింద బంతి ఆగింది, తల ఎత్తాడు. ఎన్నోసార్లు చేసిన పనే. "ఎక్కు!" అని అరిచాను. సైదులు కదిలాడు, మెడ తిప్పలేదు. నేను కుడికాలు వెయ్యబోయాను. మోకాలిలో కలుక్కుమంది. ఆ ఒక్క క్షణంలో, పరుగెత్తబోయి పడిపోతానేమో అనే భయంతో నిలబడిపోయాను. నన్ను చూసి అటూ ఇటూ ఉన్న ఇద్దరూ నిలబడిపోయారు. నలుగురిలో సైదులు ఒక్కడే ముందుకు పోయాడు. అతను పట్టుకోవాల్సిన ఆటగాడు అతని వెనక ఖాళీలో బంతి అందుకుని, తీరిగ్గా గోల్ కొట్టాడు.

డ్రెస్సింగ్ రూములో కోచ్ తువాలు నెత్తిమీంచి తీసి చేతిలో పిండుతూ నిలబడ్డాడు. సహాయకుడి ఫోనులో అప్పుడే ఆ ముక్క చూశాడు. అందులో మేం ముగ్గురం ఒక వరసలో ఉన్నాం, సైదులు ఒక్కడు బయట ఉన్నాడు. "ముందుకు పొమ్మని నీకు ఎవరు చెప్పారు? కనీసం వెనక్కి తిరిగైనా చూడలేదే!" అన్నాడు. సైదులు వచ్చీరాని ఇంగ్లీషులో, "మల్లేశన్న పిలిచాడు సార్" అన్నాడు. ఆ మాటలో నింద లేదు. నేను వెంటనే ఔనంటాను కాబట్టి అంత మామూలుగా అన్నాడు.

కోచ్ నావైపు తిరిగాడు. "పిలిచావా?"

పిలిచానంటే, మరి నువ్వెందుకు కదల్లేదని అడుగుతాడు. మోకాలి సంగతి బయటపడుతుంది. ఇదంతా నేను తర్వాత ఆలోచించి రాస్తున్నది కాదు. ఆ క్షణంలోనే ఈ లెక్క అంతా నా తలలో నడిచింది, అందుకే దాన్ని పొరపాటు అనలేను. "లేదు సార్" అన్నాను.

కోచ్ గోల్‌కీపర్‌ను అడిగాడు. అతను మాలే కుర్రవాడు, మంచివాడు. "వాళ్లిద్దరూ ఎప్పుడూ ఏదో అరుస్తూనే ఉంటారు. ఏమని అరిచారో నాకెట్లా తెలుస్తుంది?" అన్నాడు. మైదానం నిండా మనుషులున్న ఆ చోట నా పిలుపుకు సాక్షి సైదులు ఒక్కడే.

"అన్నా, జెప్పవేందే?" అన్నాడు సైదులు మన భాషలో. నేను బూట్ల లేసులు విప్పుకుంటూ తల ఎత్తలేదు.

ఆ వారమే అతని ఒప్పందం రద్దు చేశారు, ఆ తర్వాత ఇంకే క్లబ్బూ అతన్ని తీసుకోలేదు. ఓడిపోయినా, తప్పు నాది కాదనుకుని నాకు ఇంకో ఏడాది పొడిగించారు. వెళ్లే రోజు పొద్దున అతను అన్నం వండాడు, పచ్చిపులుసు చేశాడు, అలవాటుగా రెండు పళ్లేలు పెట్టాడు. తింటూ ఉండగా అన్నాడు, "మోకాలి సంగతి నేను జెప్పలే అన్నా. జెప్తే నేను బతుకుదును. గని నువ్వే జెప్తవని సూసిన." నేను ఇంకో ముద్ద కలుపుకున్నాను. "తిరిగి సూడొద్దని నువ్వే గదనే నేర్పింది" అన్నాడు మళ్లీ. ఆ పులుసు రుచి నాకు ఇప్పటికీ తెలుసు. ఉప్పు సరిపోయింది, పులుపు సరిపోయింది, నేను అంతా తిన్నాను. అది కూడా రాయాలి. విమానాశ్రయం పక్క దీవిలో ఉంటుంది, పడవలో పోవాలి. రేవు దాకా కూడా నేను పోలేదు. ముసలామె మాత్రం మెట్లు దిగి వీధి చివరిదాకా పోయి సాగనంపి వచ్చింది.

ఆ ఏడు సెలవులకు ఇంటికి పోయాను. మా నాయిన వాకిట్లో కూచుని, ఒక పొట్టేలు కాళ్లు కట్టి ఉన్ని కత్తిరిస్తున్నాడు. మా చెల్లె ఫోనులో ఆ గోల్ వీడియో ఎవరో పంపితే ఉంది. నేను ఆడిన మ్యాచ్ అని ఆమె ఆయనకు చూపించింది. మోగితే పొట్టేలు బెదురుతుందని చప్పుడు తీసేసింది. ఆయన కత్తెర పక్కన పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని చూశాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. మూడోసారి కూడా పెట్టమన్నాడు.

"గీ ముందటికి పోయిన పిలగాడెవడు?"

"సైదులు అని, నా తోటి ఉండెటోడు. వాంది తప్పయింది. ఇంటికి పంపిన్రు."

"నువ్వు పిల్సినవు" అన్నాడు నాయిన.

"నీకెట్ల తెలుసు? సప్పుడే లేదు గదా అండ్ల!"

"సప్పుడెందుకురా. పిలుపు లేకుండ పోయెటోడైతే పక్కలకు సూస్తడు, ఎవడన్న వస్తున్నడా అని. గీ పిలగాని మెడ జూడు, కదల్లే. ఎనకున్నోడి మీద బరోసా ఉన్నోడే గట్ల పోతడు. ఎనకున్నది నువ్వు."

"నీకు బాల్ ఆట తెల్వదు నాయినా."

"తెల్వదు" అని ఒప్పుకుని, కత్తెర అందుకున్నాడు. కాసేపటికి ఉన్ని మీదినుంచి చూపు తీయకుండానే, "పోయి జెప్పిరారాదు? ఎంత దూరం?" అన్నాడు. పోతానన్నాను. పోలేదు. అంతకుముందు ఫోను చేసినప్పుడల్లా "గెల్సిన్రా?" అని అడిగేవాడు. ఆ తర్వాత ఒక్కసారీ అడగలేదు. "తిన్నవా?" అని అడిగి ఫోను అమ్మకిచ్చేవాడు.

నేను ఆ తర్వాత థాయ్‌లాండ్‌లో, ఖాట్మండులో, థింపూలో ఆడాను. మోకాలు దానంతట అదే కొంత సర్దుకుంది. నోరు సర్దుకోలేదు. ఎక్కడ ఆడినా ఇంగ్లీషులోనే పిలిచేవాణ్ణి. నా పక్కన ఆడినవాళ్లు నేను పిలిచినప్పుడు కదిలే ముందు ఒకసారి నావైపు చూసేవాళ్లు, అందరూ అలాగే చూస్తారు, ఆట అంటే అంతే. కానీ వాళ్లు చూసిన ప్రతిసారీ, చూడకుండా కదిలిన ఒక్కడు గుర్తుకొచ్చేవాడు. థింపూలో చలికి గదిలో ఒంటరిగా జొన్నరొట్టె కాల్చుకుంటూ, కడుపా చెరువా అన్న మాట తలచుకుని ఒకసారి పైకి నవ్వాను. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. అప్పుడే అతనికి ఫోను చేసి ఉండొచ్చు. నంబరు మారి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. మార్చలేదని తర్వాత తెలిసింది.

ఆట మానేసి, థింపూలో కొన్నాళ్లు పిల్లలకు నేర్పి, నిరుడు ఎండకాలం ఇంటికి వచ్చేశాను. నాయిన ఇంట్లో లేడు. ఏటా మా దిక్కు గడ్డి ఎండిపోగానే మందను తోలుకుని, కృష్ణ కాల్వల కింద వరి కోసిన పొలాలకు పోవడం మావాళ్లకు మామూలే. రాత్రి మందను రైతు పొలంలో పండబెడితే పొలానికి ఎరువు. ప్రతిఫలంగా రైతు వడ్లు కొలుస్తాడు.

"ఎటు పోయిండమ్మా ఈసారి?" అని అడిగాను.

"ఇంకెటు, సైదులోళ్ల పొలానికే. మొదలు ఆడ పెట్టంగనే గదా తర్వాత పక్కోళ్లకు పెట్టేది" అంది అమ్మ, బియ్యం చెరుగుతూ.

"ఏ సైదులు?"

అమ్మ చాట ఆపి నన్ను చూసింది. "నీ దోస్తే గదరా. నీకు జెప్పలేదా? ఏండ్ల సంది పోతున్నడు."

మరునాడు తెల్లవారగానే బండి తీసుకుని దేవరకొండ, మిర్యాలగూడ మీదుగా బయలుదేరాను. మా నేల ఎర్రగా, రాళ్లతో, కంపచెట్లతో ఉంటుంది. సాగర్ కాల్వ దగ్గరికి వచ్చేసరికి నేల నల్లబడి, ఎటు చూసినా కోసిన వరి మోళ్లు, గడ్డి వాసన. ఊళ్లో అడిగితే పొలం చూపించారు. గట్టు పక్కన వరికోత మిషన్ ఆగి ఉంది. దాన్ని నడిపేది సైదులే. నేల మీద పరిచిన పరదా పట్టాపై వడ్ల కుప్ప పోసి ఉంది. నర్సయ్య అనే పెద్దమనిషి, ఇద్దరు హమాలీలు సంచులు నింపుతున్నారు. సైదులు మిషన్ ఎక్కి వెనక్కి తీయబోతుంటే నర్సయ్య అరిచాడు. "ఎనకకు సూస్కోరా సైదులూ! సూడకుంటివి, మళ్ల గోల్ వడ్తది!" హమాలీలు నవ్వారు. సైదులు కూడా నవ్వాడు. ఏళ్ల తరబడి విని విని అలవాటైన నవ్వు అది. నేను గట్టు దిగకుండా కాల్వవైపు నడిచాను.

మా నాయిన కాల్వ ఒడ్డున తుమ్మచెట్టు కింద కూచుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. "వచ్చినవా? దారి దొరికిందా? శాన దూరమున్నట్టుంది, ఇన్నేండ్లు పట్టింది" అన్నాడు.

సైదులు తల్లి ఎల్లమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. నన్ను పోల్చుకుంది. నా మీద కోపం ఏమీ లేదు ఆమెకు, అదే నాకు కష్టమనిపించింది. "మల్లేశూ, మీ నాయినకు నువ్వన్న జెప్పు. మంద పండవెడ్తడు, గింజ ముట్టడు. మందిల మాకు ఇజ్జత్ పోదా? ఎందుకు బీరయ్యన్నా అంటే నవ్వి ఊకుంటడు. సైదులు బిడ్డకు, నా మనవరాలికి, పాలు గూడ ఉత్తగనే ఇస్తడు." నేను నాయినను చూశాను. ఆయన చుట్ట వెలిగించుకుంటూ, ఊదుకుంటూ, ఎక్కడో చూస్తున్నాడు.

సైదులు మిషన్ ఆపి వచ్చాడు. నడుము కొంచెం లావెక్కింది, జుట్టు కణతల దగ్గర నెరిసింది. "మంచిగున్నవా అన్నా? మోకాలెట్లుంది?" అన్నాడు. అతన్ని గట్టు మీదుగా కొంచెం దూరం తీసుకుపోయాను. చెప్పడం మొదలుపెట్టాను. "సైదులూ, ఆ రోజు..."

"మొదాలు మంద తోలుకొచ్చిన ఏడే మీ నాయిన జెప్పిండు" అని అడ్డు తగిలాడు. "మా నాయిన సచ్చిపోయిన ఏడు అది. గీ గట్టు మీద్నే కూసోని జెప్పిండు. 'పిల్సింది నా కొడుకే బిడ్డా, నాకు ఎర్కయింది. వాడు వచ్చేదాంక నేనొస్త' అన్నడు. వద్దు కాకా అన్న. ఇంటడా? పెద్దమనిషి ఏడాదికోసారి వచ్చుడు, గింజ లేకుంట పోవుడు. నాకే సిగ్గయితుంది."

"మాఫ్ జెయ్ తమ్మీ. నేను..."

"నాకెందుకు జెప్తున్నవే అన్నా?" అన్నాడు. ఈసారి గొంతులో కొంచెం వేడి ఉంది. ఏళ్లుగా అతను నామీద చూపించిన కోపం మొత్తం అంతే. "నాకు తెల్వదా? పిలుపు ఇన్నది నేనే గదా. మా అమ్మకు జెప్పు. నా కొడుకు దేశంగాని దేశంల ఆగమాగం పోయి ఆట చెడగొట్టుకున్నడని మా నాయిన పొయ్యేదాంక అనుకున్నడు. అమ్మ ఇప్పటికీ గదే అనుకుంటది. నేను జెప్తే ఎవడింటడు? తప్పు జేసినోడు జెప్పే కతే అంటరు. బీరయ్య కాక జెప్తనన్నడు, గది నీ నోట్లకెల్లి రావాలె గని అని నేనే ఆపిన."

వాళ్ల నాయినను నేను ఒక్కసారే చూశాను. మొదటి ఏడు సెలవుల్లో ఇక్కడికి వచ్చినప్పుడు, కొడుకు పేపర్లో పడిన ఫోటోను సంచిలోంచి తీసి, అద్దాలు పెట్టుకుని, నాకే చూపించాడు. ఆ ఫోటోలో పక్కనున్నది నేనే అన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఆయన దృష్టంతా కొడుకు మీదే. ఇక ఆయనకు చెప్పే వీల్లేదు. నా ఆరేళ్ల ఆట, నాలుగు దేశాల క్లబ్బులు, వారపత్రికలో నాలుగు పేజీలు, అన్నీ కలిపి చూసుకున్నా, ఆ ముసలాయన కొడుకు గురించి తప్పుగా అనుకుంటూ పోవడం ముందు తేలిపోతున్నాయి. ఆలస్యం చేస్తే ఏం పోతుందో నాకు అప్పుడు తెలిసింది.

వెనక్కి నడిచాను. ఎల్లమ్మ పరదా అంచున కూచుని చెదిరిన గింజలు చేత్తో దగ్గరికి తోస్తోంది. నర్సయ్య, హమాలీలు సంచుల మీద కూచుని చాయ్ తాగుతున్నారు. వాళ్ల ముందు కాకుండా ఆమెను పక్కకు పిలిచి చెబుదామని ఒక క్షణం అనిపించింది. ఆ బుద్ధి ఎక్కడిదో నాకు బాగా తెలుసు. ఆమె ఎదురుగా నేల మీద కూచున్నాను. కాళ్లు ముట్టబోతే ఆమె "అయ్యో, ఏంది నాయినా" అంటూ వెనక్కి జరిగింది. నర్సయ్య గ్లాసు నోటి దగ్గరే ఆపాడు.

"అమ్మా, ఆ రోజు మేం ఓడిపోయింది నీ కొడుకు వల్ల కాదు" అన్నాను. మొదటి మాట బయటికి వచ్చాక మిగతావి కష్టం కాలేదు. "ముందటికి పొమ్మని పిల్సింది నేను. పిల్సి, నేను పోకుంట నిలవడ్డ. మోకాలు నొస్తే బయపడ్డ. సార్ అడిగితే పిల్వలే అని అందరి ముందట అబద్ధమాడిన. నా కూడు పోతదని నీ కొడుకు కూడు తీసిన. నా మోకాలి సంగతి తెల్సి గూడ నీ కొడుకు నోరు తెర్వలే. నర్సన్నా, నువ్వు గూడ ఇను, ఇంక వాన్ని ఆ మాట అనకు, అనాల్నంటే నన్నను. సైదులు తప్పు చెయ్యలే, మీ ఇంటాయినకు జెప్పెటందుకు ఆలస్యమైంది, నీకన్న జెప్తున్న. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యమ్మా."